నార్కోలెప్సీ ఉన్నవారు రాత్రి నిద్రలో అరుస్తుంటే, తన్నుతుంటే, లేచి నడుస్తుంటే: ఇంట్లోవాళ్లు వరుసగా చేయాల్సిన పనులు

“పగలు కూర్చున్నచోటే కునికే మనిషి, రాత్రయ్యేసరికి ఇలా కాళ్లూ చేతులూ ఎందుకు విసురుతున్నాడండీ?” మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉంటున్న తెలుగువాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్న మాట ఇది. మా తమ్ముడికి టైప్ 1 నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే మెదడు జబ్బు. బెంగళూరులో ఇద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. వాడి రాత్రులు నాకు బాగా తెలుసు.

నేను డాక్టర్ని కాను. మందు ఎంత వేయాలో ఇక్కడ చెప్పను. ఏ పని ముందు చేయాలి, ఏది తరవాత చేయాలి అన్నది మాత్రం వివరంగా చెబుతాను. చాలామంది నిద్రమాత్రతో మొదలుపెడతారు. మేమూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాం. గది సర్దడంతో మొదలుపెట్టండి.

## 1. ఈ రాత్రికే గది సర్దండి

రోగనిర్ధారణ అయ్యేదాకా ఆగొద్దు. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు నెల పట్టొచ్చు, తల గోడకు కొట్టుకోవడానికి ఒక్క రాత్రి చాలు.

అన్నిటికంటే ముందు మంచం తీసేయండి. పరుపు నేల మీద వేస్తే కింద పడే భయం పోతుంది. బెంగళూరు చలికి నేల మరీ చల్లగా ఉంటే పరుపు కింద మందపాటి చాపగానీ, రబ్బరు మ్యాట్‌గానీ పరవండి. గోడవైపు పొడుగు దిండ్లు నిలబెట్టండి. చెయ్యి విసిరితే మొదట తగిలేది గోడే.

పడుకునే ముందు గదిలో ఇవి చూసుకోండి:

- పరుపుకు బారెడు దూరంలో గాజు వస్తువు, స్టీలు బాటిల్, టేబుల్ మూల ఏవీ ఉండకూడదు
- అద్దం ఉన్న బీరువా పక్కన పరుపు వేయకూడదు
- ఛార్జర్ వైరు, ఇయర్‌ఫోన్ వైరు తల దగ్గర ఉండకూడదు
- బాల్కనీ తలుపుకు పై గడియ వేయాలి. గ్రిల్ లేని బాల్కనీ అయితే ఆ గదిలో పడుకోబెట్టొద్దు
- వంటింట్లో గ్యాస్ రెగ్యులేటర్ ఆపాలి, కత్తులు సొరుగులో పెట్టి తాళం వేయాలి
- బండి తాళాలు, కారు తాళాలు మీ దగ్గరే ఉంచుకోవాలి
- బాత్‌రూమ్ దారిలో చిన్న నైట్‌ల్యాంప్ వెలగాలి

నిద్రలో నడిచేవాళ్లుంటే ఇంటి తలుపు గడియకు గజ్జెలు కట్టండి. మా ఇంట్లో నా చిన్ననాటి డాన్సు గజ్జెల్లోంచి ఓ గుప్పెడు తీసి దారానికి గుచ్చి కట్టాను. తలుపు కదిలితే పక్కగదిలో ఉన్న నాకు వినిపిస్తుంది. బయటినుంచి మాత్రం తాళం వేయొద్దు. ఏ షార్ట్ సర్క్యూటో జరిగితే లోపలి మనిషి బయటికి రాలేడు.

భార్యాభర్తలైతే రాత్రులు అదుపులోకి వచ్చేదాకా పరుపులు వేరు చేయండి, అదే గదిలోనైనా సరే. ఇందులో నామోషీ పడాల్సిందేమీ లేదు. పసిబిడ్డను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పక్కన పడుకోబెట్టొద్దు.

## 2. జరుగుతున్నది ఏమిటో విడదీయండి

“రాత్రి ఏదో చేస్తాడు” అంటే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు. నార్కోలెప్సీ ఉన్నవారి రాత్రిలో అయిదు రకాల ఇబ్బందులు ఉండొచ్చు. ఒక్కోదానికి చేయాల్సింది వేరు.

మూలం తెలిస్తే విడదీయడం తేలిక. మామూలు మనిషికి నిద్రపట్టిన గంట, గంటన్నరకు గానీ కలల నిద్ర మొదలవదు. దీన్నే డాక్టర్లు రెమ్ నిద్ర అంటారు. ఆ సమయంలో మెదడు ఒంటిని కదలనివ్వకుండా కట్టేస్తుంది. అందుకే కలలో పరుగెత్తినా పరుపు మీద కాలు కదలదు. టైప్ 1 నార్కోలెప్సీలో మెలకువను నిలబెట్టే ఓరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు చాలావరకు నశించి ఉంటాయి. దాంతో రెమ్ నిద్ర తరచూ 15 నిమిషాల్లోపే ముంచుకొస్తుంది. ఆ కట్టు కూడా వేళ తప్పుతుంది. మెలకువలో పడితే మనిషి కదల్లేడు, కలలో ఊడిపోతే కాళ్లూ చేతులూ విసురుతాడు.

కలను ఒంటితో ఆడటం. అరుపులు, తిట్లు, గుద్దులు, తన్నులు. కళ్లు మూసుకునే ఉంటాయి. లేపితే చప్పున తెలివిలోకి వచ్చి కల చెబుతారు. దీన్ని రెమ్ నిద్ర ప్రవర్తన రుగ్మత అంటారు. నార్కోలెప్సీలో ఇది చిన్న వయసులోనే కనిపించొచ్చు, ఆడవాళ్లకూ వస్తుంది. తెల్లవారుజామునే రావాలని లేదు, పడుకున్న కాసేపటికే రావొచ్చు.

నిద్ర పక్షవాతం. కళ్లు తెరిచి ఉంటాయి, అన్నీ వినిపిస్తాయి, వేలు కూడా కదలదు. కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. “గుండెల మీద దయ్యం కూర్చుంది” అని మన పెద్దవాళ్లు చెప్పేది చాలాసార్లు ఇదే.

నిద్ర అంచున కనిపించేవి, వినిపించేవి. నిద్రలోకి జారేటప్పుడో, లేచేటప్పుడో గదిలో ఎవరో నిలబడినట్టు, పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. దీన్ని పిచ్చి అనుకుని ఏళ్ల తరబడి వేరే వైద్యం చేయించినవాళ్లున్నారు. నిద్ర అంచున మాత్రమే వస్తుంటే ఆ మాట డాక్టర్‌కు నొక్కి చెప్పండి.

నిద్రలో నడక, తిండి. ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్రలోంచి వస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి. అడిగితే పొంతన లేని జవాబు వస్తుంది, తెల్లారాక గుర్తుండదు.

ముక్కలైన నిద్ర. పడుకోగానే నిద్రపడుతుంది, కానీ రాత్రంతా మాటిమాటికీ మెలకువ. దీన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. మా తమ్ముణ్ని అడిగితే అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేది ఇదే అంటాడు.

ఇవిగాక రెండింటిని తప్పక గమనించాలి. ఒకటి గురక. ఊపిరి ఆగి, గుటకలు మింగుతూ ఉలిక్కిపడి చేతులు విసరడం స్లీప్ ఆప్నియా కావచ్చు. చూడటానికి అచ్చం కల ఆడినట్టే ఉంటుంది. రెండోది మూర్ఛ. ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకే కదలిక, ఒకే రాత్రి చాలాసార్లు రావడం, నాలుక కరుచుకోవడం, పక్క తడవడం ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

## 3. రెండు వారాలు రాయండి, వీడియో తీయండి

ఒక నోటుబుక్ పరుపు పక్కనే పెట్టండి. ఫోన్‌లో రాద్దామనుకుంటే ఆ వెలుతురుకు ఇద్దరి నిద్రా చెడుతుంది.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: “2:10. హోయ్ హోయ్ అని అరుపు. కుడి చెయ్యి మూడుసార్లు విసిరాడు. కళ్లు మూసే ఉన్నాయి. పిలిస్తే రెండో పిలుపుకు లేచాడు.” కింద వాడి మాట: “శెనక్కాయ చేనులో పందులు పడినాయక్కా, తోలుతాండా.” మాది అనంతపురం జిల్లా. అడవిపందుల కాపలాకు నాన్నతో పొలానికి వెళ్లిన రాత్రులు వాడికింకా కలలో వస్తాయి. ఆ నాలుగు ముక్కలు చదివి డాక్టర్ చాలాసేపు ప్రశ్నలు వేశారు. అంతకుముందు ఏడాది పాటు మేం “నిద్రలో అరుస్తాడు” అని మాత్రమే చెబుతూ వచ్చాం.

ప్రతి రాత్రికీ రాయాల్సినవి:

- పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు లేచారో
- సంఘటన జరిగిన సమయం, ఎంతసేపు
- కళ్లు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా
- లేపితే ఎంతలో తెలివి వచ్చింది, కల చెప్పగలిగారా
- దెబ్బ తగిలిందా
- ఆ రోజు వేసుకున్న మందులు, వేసుకున్న సమయాలు
- కాఫీ, టీ, మద్యం, పగటి కునుకులు

పాత ఫోన్ ఒకటి గోడకు ఆనించి వీడియో పెట్టండి. ముందుగా ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే తీయండి. ఆ వీడియో డాక్టర్‌కు తప్ప బంధువుల వాట్సాప్ గ్రూపుకు వెళ్లకూడదు.

## 4. జరుగుతున్నప్పుడు పక్కనున్నవాళ్లు చేయాల్సింది

కల ఆడుతున్న మనిషి చేతులు పట్టుకోవద్దు. కలలో ఎవరితోనో కొట్లాడుతున్నవాడికి మీ పట్టు ఆ శత్రువు పట్టే అవుతుంది. మొహం మీదకు వంగొద్దు. నా పెదవి పగిలింది అలా వంగినప్పుడే.

1. రెండడుగుల దూరంలో, కాళ్ల వైపు కాకుండా పక్కకు నిలబడండి.
2. మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు త్వరగా చెవికెక్కుతుంది.
3. తల దేనికైనా కొట్టుకుంటుంటే మధ్యలో దిండు దూర్చండి.
4. లేచాక ముందు “ఇంట్లోనే ఉన్నావు, రెండు దాటింది” అని చెప్పండి. ఆ తరవాతే కల అడగండి. పొద్దున్నే అడిగితే సగం పోతుంది.
5. పెద్ద లైటు వేయొద్దు.

నిద్ర పక్షవాతానికి ఇందుకు విరుద్ధంగా చేయాలి. అక్కడ ముట్టుకోవడమే సాయం. చెయ్యి పట్టుకుని, భుజం నెమ్మదిగా తట్టి మాట్లాడితే చాలామందికి ఆ పట్టు విడిపోతుంది. కనుగుడ్లు కదుపుతుంటారు, గమనించండి. ముందే ఒక గుర్తు అనుకుని పెట్టుకోండి: కళ్లు పక్కకు తిప్పితే “నన్ను ముట్టుకో” అని.

నడుస్తున్నవాళ్లతో వాదించొద్దు. మోచెయ్యి దగ్గర తేలిగ్గా ఆనించి పరుపు వైపు మళ్లించండి.

## 5. డాక్టర్ దగ్గరకు వెళ్లడం

న్యూరాలజిస్టునుగానీ, నిద్ర వైద్యంలో అనుభవమున్న డాక్టర్‌నుగానీ కలవాలి. బెంగళూరులో హోసూరు రోడ్డు మీద నరాల, మానసిక జబ్బులకు వైద్యం చేసే ప్రభుత్వ సంస్థ నిమ్హాన్స్ ఉంది. స్లీప్ ల్యాబ్ ఉన్న ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా, ఫోన్ చేసి ఒకటే అడగండి: “వీడియోతో రాత్రి నిద్ర పరీక్ష, మర్నాడు ఎం.ఎస్.ఎల్.టి., రెండూ చేస్తారా?” గురక కోసం ఇంటికి ఇచ్చి పంపే చిన్న పరికరం దీనికి చాలదు.

రాత్రి పరీక్షలో తలకు, గడ్డానికి, కాళ్లకు తీగలు అంటిస్తారు. కలల నిద్రలో కండరాలు సడలాల్సింది పోయి బిగువుగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యంగా గడ్డం దగ్గరి తీగ చెబుతుంది. మర్నాడు రెండేసి గంటల తేడాతో నాలుగైదు కునుకులు తీయిస్తారు, ఎం.ఎస్.ఎల్.టి. అంటే ఇదే. సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టి, రెండు లేక అంతకన్నా ఎక్కువసార్లు రెమ్ నిద్ర త్వరగా వచ్చేస్తే నార్కోలెప్సీ వైపు బలంగా చూపిస్తుంది. ముందు రాత్రి కనీసం 6 గంటలు నిద్రపోకపోతే ఈ లెక్క నమ్మదగ్గది కాదు. నైట్‌షిఫ్టులో ఉన్నవాళ్లు పరీక్షకు ముందు ఒకటి రెండు వారాలు పగటి షిఫ్టు అడిగి తీసుకోండి.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి:

- నోటుబుక్, రెండు మూడు మంచి వీడియోలు
- మందులన్నీ, జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు, ఆయుర్వేదం సహా
- రాత్రి కళ్లారా చూసే మనిషి. ఇది తప్పనిసరి, ఎందుకంటే రోగికి తన రాత్రి తెలియదు

యాభై దాటాక కొత్తగా కలలు ఆడటం మొదలైతే దాన్ని నార్కోలెప్సీ ఖాతాలో వేయొద్దు. ఆ వయసులో విడిగా వచ్చే ఈ రుగ్మత తరవాత్తరవాత పార్కిన్సన్స్ లాంటి జబ్బులకు ముందు గుర్తు కావచ్చు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నడక మందగించడం కనిపిస్తే అవీ చెప్పండి.

## 6. మందుల గురించి అడగాల్సిన ప్రశ్నలు

“ఇప్పుడు వాడుతున్న మందే దీన్ని పెంచుతోందా?” ముందు ఇదే అడగండి. నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోయే కాటాప్లెక్సీకి వాడే వెన్లఫాక్సిన్, ఫ్లుఓక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు కొందరిలో కల ఆడటాన్ని పెంచుతాయి. అలాగని సొంతంగా మానేయొద్దు. ఒక్కసారిగా ఆపితే కాటాప్లెక్సీ ఒకదాని వెంట ఒకటి విరుచుకుపడుతుంది. పరీక్షకు ముందు ఆపాల్సి వచ్చినా డాక్టర్ చెప్పిన లెక్కలోనే ఆపాలి.

“మెలటోనిన్‌తో మొదలుపెట్టొచ్చా?” కల ఆడటం తగ్గడానికి దీన్నీ, క్లోనాజెపామ్‌నూ వాడతారు. క్లోనాజెపామ్ పగటి మగతను పెంచుతుంది, స్లీప్ ఆప్నియా ఉంటే ఊపిరిని ఇంకా ఇబ్బంది పెడుతుంది. పగలు ముందే కునికే మనిషికి ఇది చిన్న విషయం కాదు. గురక సంగతి తేలాకే దాని మాట ఎత్తండి.

“మొడాఫినిల్ ఏ వేళకు వేసుకోవాలి?” ఇది పగటి మగత తగ్గడానికి ఇచ్చే మందు, ఆలస్యంగా వేస్తే రాత్రి నిద్ర చెడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ఈ సంగతి తప్పక చెప్పాలి. మొడాఫినిల్ వాటి పనితనాన్ని తగ్గిస్తుంది, ఆపాక కూడా నెల రోజులు ఆ ప్రభావం ఉంటుంది.

అమెరికాలో ఉన్న బంధువులు సోడియం ఆక్సిబేట్ పంపిస్తామంటే వద్దనండి. రాత్రి నిద్ర ముక్కలవకుండా బాగా పనిచేసే మందే, కానీ మద్యంతోగానీ నిద్రమాత్రలతోగానీ కలిస్తే ఊపిరికే ముప్పు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా తాగేది కాదు.

మా పొరపాటు కూడా చెప్పాలి. రాత్రి మెలకువలు తగ్గాలని ఒక క్లినిక్‌లో జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర రాయించుకున్నాం. నార్కోలెప్సీ అని మేం చెప్పలేదు, వాళ్లు అడగలేదు. మూడో రోజు పొద్దున వంటింటి గట్టు మీద సగం కొరికిన బెల్లం అచ్చు, మూత తీసిన కారప్పొడి డబ్బా, కడాయిలో నూనె. స్టవ్ వెలిగించలేదు. వాడికి ఒక్క ముక్క గుర్తులేదు. జోల్పిడెమ్‌తో ఇలా జరగడం తెలిసిన విషయమే. ఆ కడాయి చూసిన రోజు నుంచే మా ఇంట్లో రెగ్యులేటర్ ఆపకుండా ఎవరం పడుకోం.

## 7. పగటిని సర్దితే రాత్రి కొంత సర్దుకుంటుంది

పడుకునే వేళ, లేచే వేళ ఆదివారం కూడా మారకూడదు. పగలు 15, 20 నిమిషాల కునుకులు రెండు, వేళ పెట్టుకుని తీయాలి. భోజనమయ్యాక ఒకటి, సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరే ముందు ఒకటి మా తమ్ముడికి సరిపోయాయి. ఫిల్టర్ కాఫీ మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. మద్యం అసలే వద్దు.

కునుకు తీయకుండా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బండి నడపొద్దు. మగత అదుపులో ఉందని డాక్టర్ చెప్పేదాకా మెట్రో, బస్సు, ఆఫీసు క్యాబ్.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

“రాత్రి నిద్రలేకే పగలు కునుకుతున్నాడు” అనుకోవడం. పగటి కునుకూ రాత్రి గొడవా ఒకే జబ్బు. ఒకదాన్ని ఆపితే రెండోది దానంతట అది పోదు. రెండూ విడివిడిగా డాక్టర్‌కు చెప్పండి.

చల్లనీళ్లు చల్లి లేపడం. భయపడి లేచిన మనిషి ఇంకా గట్టిగా కొడతాడు. పేరు పెట్టి పిలవడమే పద్ధతి.

తాయెత్తు కట్టి ఆగిపోవడం. ఇంట్లో పెద్దవాళ్ల మనసు కోసం దిష్టి తీయించండి, తాయెత్తు కట్టించండి, అభ్యంతరం లేదు. డాక్టర్ తేదీని మాత్రం దానికోసం వాయిదా వేయొద్దు.

పెళ్లిలో దాచడం. దీన్ని నేను గట్టిగానే చెబుతాను. పెళ్లయిన వారానికి అర్ధరాత్రి మొహం మీద దెబ్బపడితే ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? కావాలని కొట్టాడనే అనుకుంటుంది. సంబంధం కుదిరే ముందే జబ్బు పేరుతో సహా చెప్పండి, వీలైతే ఇద్దరూ కలిసి డాక్టర్‌ను కలవండి.

నాలుగు రాత్రులు బాగుంటే మంచం తిరిగి వేయడం. కనీసం మూడు నెలలు ప్రశాంతంగా గడిచాక, డాక్టర్‌ను అడిగి వేయండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు: తలకు దెబ్బ తగలడం, ఒళ్లంతా కొట్టుకుని తెలివి రాకపోవడం, నిద్రలో ఊపిరి ఆగి పెదాలు నీలంగా మారడం, బతకాలని లేదన్న మాట నోట రావడం. అంబులెన్సుకు 108. మనసు కుంగిపోయి ఉంటే ఏ వేళలోనైనా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు.

## 9. పీజీలో ఉంటున్నప్పుడు, ఊరికి వెళ్లేటప్పుడు

పీజీలో రెండంతస్తుల మంచమైతే పై పడక ఒప్పుకోవద్దు. సింగిల్ షేరింగ్‌కు డబ్బు ఎక్కువ. కుదరకపోతే ఒక్క రూమ్మేటునైనా నమ్మకంలోకి తీసుకుని నాలుగో భాగంలో చెప్పినవి నేర్పండి. మాది ఎవరికీ చెప్పకూడని జబ్బు అన్నట్టు ఉంటే, మొదటి అరుపుకే వార్డెన్ ఖాళీ చేయమంటాడు.

ఆఫీసులో నైట్‌షిఫ్టు వద్దని డాక్టర్ చేత కాగితం రాయించుకుని హెచ్ఆర్‌కు ఇవ్వండి.

ఊరికి పగటి బస్సు, పగటి రైలు అన్నిటికంటే మేలు. రాత్రి ప్రయాణం తప్పకపోతే:

- స్లీపర్ బస్సులో కింది బెర్తు, పక్కన మరో మనిషి లేని సింగిల్ వైపు
- రైల్లో లోయర్ బెర్తు మాత్రమే
- తల కిటికీ అద్దానికి దూరంగా, మధ్యలో దుప్పటి మడత
- ఒంటరిగా వెళ్తుంటే ఎక్కగానే బస్సు క్లీనర్‌కో, పక్క సీటువాళ్లకో ఒక మాట

ఆ మాట ఎలా చెప్పాలో తెలియక చాలామంది మానేస్తారు. మా తమ్ముడు మెజెస్టిక్‌లో బస్సెక్కిన ప్రతిసారీ చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి ఇస్తాడు. కన్నడలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు మూడు వరుసలు: “నాకు నిద్ర జబ్బు ఉంది. రాత్రి అరిస్తే భయపడకండి, పట్టుకోకండి. కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి, లేస్తాను.” కింద వాడి పేరు, నా ఫోన్ నంబరు.